తీర్పు కాపీ

"ఇన్సూరెన్స్ కట్టక రెండేళ్లయింది మేడమ్. తప్పు నాదే, కాదనను. కానీ నా దగ్గర డబ్బుల్లేవు. కోర్టుకెళ్తారో, ఇంకెక్కడికెళ్తారో మీ ఇష్టం," అని వ్యాను డ్రైవరు తలుపేసేసుకున్నాడు.

కళ్లజోళ్ల షాపావిడ చేతిలోని రిపేరు బిల్లుని మడిచి బ్యాగులో పెట్టుకుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న తన కారుని వెనకనుంచి గుద్ది, డిక్కీని సీటుదాకా తోసేసిన మనిషి ఇంత తాపీగా మాట్లాడతాడని ఆవిడ అనుకోలేదు.

కోర్టుకే వెళ్లింది. తొమ్మిది నెలలు తిరిగితే తీర్పయితే వచ్చింది గానీ డబ్బు రాలేదు. అతని పేరున ఏమీ లేదు. ఆ వ్యాను కూడా అప్పులవాళ్లు పట్టుకుపోయారు. ఫర్నిచర్ షాపులో డ్రైవరుగా చేరాడని తెలిసి, ఆవిడ తీర్పు కాపీనీ నుజ్జయిన కారు ఫొటోల్నీ తీసుకెళ్లి ఓనరు టేబుల్ మీద పరిచింది. సాయంత్రానికల్లా అతని ఉద్యోగం ఊడింది. ఆవిడ చాలా రోజుల తరవాత కడుపునిండా తిన్నది.

"జీతం లేకపోతే నీ బాకీ ఎలా తీరుస్తాడు?" అన్నాడు భర్త.

"బాకీ ఎవరిక్కావాలి? వాడికెక్కడా కాలు నిలవకూడదు. అంతే."

మంచినీళ్ల డబ్బాలు వేసే కంపెనీలో చేరితే అక్కడికీ వెళ్లింది. ట్రావెల్స్‌లో చేరితే అక్కడికీ వెళ్లింది. మూడో ఉద్యోగం పోయిన మర్నాడు అతనే షాపుకొచ్చాడు. గడ్డం పెరిగి, బాగా చిక్కిపోయి ఉన్నాడు. ఎక్కడో ఒకచోట కుదురుకోనిస్తే నెలకి రెండువేల చొప్పున కట్టేస్తానన్నాడు. భార్య పుట్టింటికి వెళ్లిపోయిందని చెప్పుకున్నాడు. ఆవిడ చేతిలోని అద్దాన్ని గుడ్డతో తుడుస్తూనే అంతా విన్నది. మెరిసేదాకా తుడిచి, వెలుతురుకెత్తి చూసుకుని, అప్పుడు నోరు విప్పింది.

"నువ్వు స్టీరింగ్ పట్టుకున్నన్నాళ్లూ నీ వెనకాలే ఉంటాను."

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ తరవాత రెండు వారాలు అతని జాడే లేదు. ఎవర్నడిగినా తెలీదన్నారు. ఊరొదిలి పారిపోయుంటాడని తేల్చుకుంది. కసి తీరి గుండె తేలికపడింది.

సోమవారం పొద్దున స్కూలు వ్యాను హారన్ మోగింది. రెండో తరగతి చదివే కూతురికి గబగబా బూట్లు తొడిగి, గేటుదాకా పరుగెత్తుకొచ్చి ఎక్కించింది. పిల్ల కిటికీ పక్కన కూర్చుని చెయ్యూపింది. తలుపు మూసుకుంది. అప్పుడు డ్రైవరు తన వైపు అద్దం దించాడు. నున్నగా గీసుకున్న గడ్డం, కొత్త యూనిఫాం.

"నమస్తే మేడమ్," అన్నాడు గేరు వేస్తూ. "పాపని ఇకనుంచి రోజూ నేనే తీసుకెళ్తాను."