ఫోన్‌లో లేని కొట్టు

"ఆదివారం కూడా కొట్టు తీస్తారా అమ్మా?"

అడిగినాయన చేతిలో, ఎండా వానా లేకపోయినా, గొడుగు ఉంది. రెండో చేతిలో ఫోన్.

"తీస్తాం. ఏం కావాలి?" అంది గుండీలమ్మ.

"ఒక తెల్ల గుండీ."

ఒక్కటే! అదీ చొక్కాకి పెట్టి చూసుకోలేదు. జేబులో వేసుకుని, కొట్టంతా ఓసారి కలయజూసి వెళ్లిపోయాడు.

గుండీలమ్మ అసలు పేరు బజారు ఎప్పుడో మరిచిపోయింది. అది అత్తగారు పెట్టిన కొట్టు. మేడ మీద ఒక్క గది, గోడల నిండా గాజు సీసాలు, సీసాల నిండా గుండీలు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మెట్ల మీద దర్జీలు బారులు తీరేవారు. సీసా బోర్లిస్తే పళ్లెంలో వడగళ్లు పడ్డట్టు చప్పుడు. ఆ చప్పుడు వింటేనే ఒళ్లో పిల్ల నిద్రపోయేది. మధ్యాహ్నం అన్నం తినడానికి కూడా తీరిక దొరికేది కాదు.

ఇప్పుడు తీరికే తీరిక. ఈగలు తోలుకోవడం తప్ప పనే లేదు.

ఆ ఒళ్లో పిల్లే పెద్దదై ఒకరోజు ఫోన్ తెచ్చి చూపించింది.

"చూడమ్మా, గుండీలని వెతికితే ఎక్కడెక్కడి పెద్ద కంపెనీలే వస్తున్నాయి. మనం లేనే లేం."

"లేకపోవడమేంటే? ఇక్కడే కూర్చున్నాగా!"

కూతురు నవ్వింది. ఆమెకి నవ్వు రాలేదు. గది ఖాళీ చేస్తానని మేడ యజమానికి అప్పటికే మాట ఇచ్చేసింది మరి.

గొడుగాయన మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. రోజుకో గుండీ, బోలెడు ప్రశ్నలు.

"మెట్లెక్కలేనివాళ్లు వస్తే ఎలాగమ్మా?"

"కిందనుంచి కేకేస్తే నేనే దిగుతాను."

"పాత కోటు గుండీకి జత దొరుకుతుందా?"

"దొరికేదాకా వెతుకుతాను. నాకు మాత్రం వేరే పనేముంది?"

ఒకరోజు ఆయన వీధిలో నిలబడి మేడనీ, మెట్లనీ, బోర్డునీ ఫోటోలు తీస్తుంటే కిటికీలోంచి చూసింది. ఒళ్లు మండిపోయింది. గది బేరం పెట్టడానికి యజమాని పంపిన బ్రోకరే అనుకుంది.

ఆయన పైకి రాగానే నోరు పారేసుకుంది.

"ఇంకా ఖాళీ చెయ్యకముందే ఫోటోలా? మా కొట్టు మూతపడితే మీకేం కలిసొస్తుందండీ? పెద్దవారని ఊరుకుంటున్నా. ఇంకెప్పుడూ ఈ మెట్లెక్కకండి!"

ఆయన మొహం చిన్నబోయింది. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"కోప్పడకు తల్లీ. ఇదొక్కటీ చెప్పు చాలు. జిప్పులు కూడా మారుస్తారా?"

"మారుస్తాం! వెళ్లండి!"

మళ్లీ రాలేదు.

సామాను సర్దడం మొదలుపెట్టిన రోజుల్లో, నాటకాలకి దుస్తులు కుట్టే ఆవిడ ఒకరు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"సిపాయి వేషానికి ఇత్తడి గుండీలున్నాయా?"

"ఉన్నాయి. ఈ కొట్టు గురించి ఎవరు చెప్పారమ్మా మీకు?"

"ఎవరో చెప్పాలా? ఫోన్‌లో వెతికితే మొట్టమొదట మీదే వచ్చింది."

ఆవిడ ఫోన్ ముందుకు చాపింది. అందులో మేడ ఉంది, మెట్లున్నాయి, బోర్డుంది. కింద ఎవరో రాసినదాన్ని గుండీలమ్మ కూడబలుక్కుంటూ చదివింది.

'చెప్పుల కొట్టు పక్క మెట్లు ఎక్కాలి. ఎక్కలేనివాళ్లు కేకేస్తే ఆవిడే దిగివస్తారు. పాత గుండీకి జత దొరికేదాకా వెతుకుతారు. జిప్పులు కూడా మారుస్తారు. ఒక్క గుండీ కోసం వెళ్లినా విసుక్కోరు.'

ఆ చివరి మాట దగ్గర ఆమె తల వంచుకుంది.

తర్వాత ఇంకొకరు వచ్చారు. ఆ తర్వాత నలుగురు. ఊరి ఆ చివరనుంచి కూడా ఫోన్లు పట్టుకుని దారి చూసుకుంటూ వచ్చారు. సర్దిన సీసాలన్నీ మళ్లీ గోడలెక్కాయి. గది ఖాళీ చెయ్యనని యజమానికి చెప్పేసింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, గొడుగు కనిపిస్తుందేమోనని తొంగిచూసేది. ఏ ఇంటివాడో, ఎటునుంచి వచ్చేవాడో ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

వానాకాలం వెళ్లాక ఒక పెద్దావిడ ఉన్ని కోటు పట్టుకుని వచ్చింది.

"దీనికో గుండీ కావాలమ్మా. మనవడు తాతయ్య కోటు తనకే కావాలంటున్నాడు. ఏ గుండీ ఊడినా నీ దగ్గరికే రమ్మనేవారు ఆయన. రోజూ నీ దగ్గర ఒకటి కొనుక్కొచ్చేవారుగా!"

గుండీలమ్మ లేచి నిలబడింది.

"గొడుగు పట్టుకుని వచ్చేవారు... ఆయనా? ఒక్కసారి పంపండమ్మా. కాళ్లమీద పడి క్షమించమని అడగాలి."

"ఆయన పోయి మూడు నెలలు దాటిందమ్మా."

గుండీలమ్మ స్టూలు జరిపి ఆవిణ్ణి కూర్చోబెట్టింది. గోధుమరంగు గుండీల సీసాలు ఒక్కొక్కటే బోర్లించి, జత దొరికాక అక్కడే కూర్చుని తనే కుట్టింది.

"ఆయన ఆ ఫోన్ కంపెనీలో పనిచేసేవారా?" అని అడిగింది చివరికి.

"కంపెనీ లేదు, పాడూ లేదు. పొద్దున లేస్తే బజార్లు పట్టుకు తిరగడమే. 'నా కొట్లన్నీ ఫోన్‌లోకి ఎక్కాలే' అనేవారు."

"ఆయన కొట్లా? ఎన్ని ఉన్నాయండీ?"

"ఒక్కటీ లేదు," అంది పెద్దావిడ, కోటు మడతపెట్టుకుంటూ. "ఊళ్లో కొట్లన్నిటి చిరునామాలతో ఏటా ఓ లావుపాటి పుస్తకం వచ్చేది చూడూ, ఫోన్లో వెతకడం వచ్చాక కొనేవాళ్లు లేక ఆగిపోయింది... అది అచ్చు వేసేది ఆయనే."