నవ్వని రాఘవమ్మ

సత్యవేడు బస్టాండు పక్క అంగళ్లన్నీ మూసేశారు. ఫోటో స్టూడియోలో మునికృష్ణ ఒక్కడే, మండుతున్న కళ్లతో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెల్లారితే రాఘవమ్మ పెద్దకర్మ. ఆమెకున్నది ఒకే ఫోటో, అదీ ఎప్పుడో మునికృష్ణ నాయన తీసింది.

"అవ్వ నవ్వతా ఉండేట్టు సెయ్యన్నా," అని మనవడు ధర్మేంద్ర పొద్దున చెప్పిపోయాడు. "ఆ మొగం సూసి పిల్లోళ్లు బయపడతా ఉండారు."

ఆ కాలంలో ఫోటోకి ఎవరు నవ్వారు గనక? పళ్లు కనబడితే మర్యాద కాదనేవాడు నాయన. "నవ్వద్దు, కదలద్దు" అని చెప్పి, చిటిక వేసి, అప్పుడు బటన్ నొక్కేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

మునికృష్ణ మౌస్‌తో రాఘవమ్మ పెదవుల చివర్లు కాస్త పైకి లాగాడు. ముసలామె నవ్వింది. ప్రింటు ఇచ్చి, మెడ విరుచుకున్నాడు.

వెనకాల, నాయన పాత కెమెరా ఉన్న మూలలో చిటిక వినిపించింది.

బల్లిలే అనుకున్నాడు. చేతికొచ్చిన ప్రింటులో పెదవులు బిగుసుకునే ఉన్నాయి. సేవ్ చేయడం మరిచినట్టున్నానని విసుక్కుంటూ తెర వైపు చూశాడు. అక్కడ రాఘవమ్మ నవ్వుతూనే ఉంది.

మళ్లీ చిటిక. ఈసారి దగ్గరగా. అతను చూస్తుండగానే తెర మీది పెదవులు మెల్లగా మూసుకున్నాయి.

వెనక్కి తిరిగి చూసే ఓపిక లేదు, ధైర్యమూ లేదు.

మూడో చిటిక చెవి పక్కనే పడింది.

చిన్నప్పటి అలవాటున మునికృష్ణ నడుము నిటారు చేసి, నోరు బిగించి, రెప్ప వేయకుండా కూర్చున్నాడు.

బటన్ నొక్కిన చప్పుడు ఎంతసేపటికీ రాలేదు.