యూనిఫాంల పెట్టెలు

“ఆ పెట్టె వ్యాన్‌లో పెట్టకండి అంకుల్,” అంటూ ప్రేమజ్యోతి అడ్డంగా నిలబడింది.

అమెరికాలోని ఆష్‌బర్న్ చర్చి హాల్లో అందరూ పని ఆపేశారు. ఉగాండా రాజధాని కంపాలాలోని ఒక బడి పిల్లల కోసం సంఘపెద్ద షాలేం రాజు మూడేళ్లుగా యూనిఫాంలు పోగుచేసి పంపుతున్నాడు.

“వారం రోజులు ఆఫ్రికా చూసొచ్చి నాకు పాఠాలు చెప్తావా? తప్పుకో,” అన్నాడతను.

“ఆ స్కూల్ ఎదురుగానే నకాటో అనే ఆవిడ టైలరింగ్ షాప్ ఉంది. పిల్లల యూనిఫాంలన్నీ ఆవిడే కుట్టేది. మనం ఫ్రీగా పంపడం మొదలుపెట్టాక ఆరుగురు పనివాళ్లని మాన్పించేసింది.”

“అబద్ధం.”

“మీరే అడగండి.” ప్రేమజ్యోతి ఫోన్ కలిపి, స్పీకర్ ఆన్ చేసి అతని చేతిలో పెట్టింది.

అతను ఇంగ్లీషులో గట్టిగానే మొదలుపెట్టాడు. నకాటో చెబుతూ పోయేకొద్దీ అతని గొంతు తగ్గింది. చివరికి, “ఈ ఏడాది యూనిఫాంలు మీరే కుట్టగలరా? డబ్బు మేం పంపుతాం,” అని అడిగాడు.

“పనివాళ్లని మళ్లీ పిలుస్తాను. ముందు మీరు ఆ పెట్టెలు ఆపండి,” అందామె కటువుగా.

షాలేం రాజు ఫోన్ తిరిగిచ్చాడు. ప్రేమజ్యోతి మొహం చూడకుండానే బయటికెళ్లి వ్యాన్ ఎక్కి, పెట్టెలు ఒక్కొక్కటే కిందికి దించసాగాడు.