నాణేనికెక్కిన దర్జీగారు

"ఏంటలా చూస్తున్నావ్?" మధ్యాహ్నం కునుకులోంచి ఒక కన్ను తెరిచి అడిగారు దర్జీగారు.

"కదలకండి. పడుకోండి మీరు." పక్కనే కుర్చీ వేసుకుని గబగబా ఏదో గీసుకుంటోంది భార్య.

ఆమెది టంకశాలలో ఉద్యోగం. సేకరించేవాళ్లు ఎగబడి కొనే బంగారు నాణేలకు అచ్చులు చెక్కుతుంది. ఒక వైపు రాజుగారు, ఇంకో వైపు ఏదో ఒక అడవి జంతువు. ఈ ఏటి నమూనాను పైవాళ్లు రెండుసార్లు తిప్పికొట్టారు. బొమ్మలో జీవం లేదట. మూడోసారీ కుదరకపోతే పని వేరేవాళ్లకు పోతుంది. ఇరవయ్యేళ్ల పేరు మట్టిలో కలుస్తుంది.

ఆ దిగులుతో వారం రోజులు సరిగ్గా తిండి కూడా తినలేదు. అలాంటిది, ఇప్పుడు కళ్లు మెరుస్తున్నాయి. చూపంతా మొగుడి మీదే.

దర్జీగారికి విషయం అర్థమైపోయింది. లేచి వెళ్లి అద్దంలో పక్కకు తిరిగి చూసుకున్నారు. ముక్కు అచ్చం రాజుగారిదే! మర్నాడే మీసం దిద్దించుకున్నారు. కొలతలిచ్చేందుకు వచ్చిన ప్రతివాళ్ల చెవిలోనూ ఊదారు.

"ఎవరితోనూ అనకండి. ఈసారి నాణెం మీద ఉండేది నేనే."

"అదేంటి! రాజుగారు ఊరుకుంటారా?"

"ఆయనకి గంటలు గంటలు కూర్చునే తీరికేదండీ? పోలికలున్నవాణ్ని, ఇంట్లో నేను లేనూ!"

మూడో నమూనాను మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఆమె పరుగున ఇంటికొచ్చి ఆయన రెండు బుగ్గలూ పట్టుకుని ఊపేసింది.

"నన్ను గట్టెక్కించింది మీరేనండీ!"

నాణెం విడుదల రోజున దర్జీగారు స్వయంగా కుట్టుకున్న కోటు తొడుక్కుని ముందు వరుసలో కూర్చున్నారు. వెనకాల వాళ్ల వీధి వీధంతా దిగింది.

"బొమ్మలో ఇంత జీవం ఎలా తెచ్చావమ్మా?" అడిగారు టంకశాల పెద్దాయన.

"నాదేముందండీ, అంతా మావారి చలవ. ఆయన్ని చూస్తూ గీశాను, అంతే."

చప్పట్లు మోగిపోయాయి. దర్జీగారు లేచి, కోటు సర్దుకుని, అందరికీ ముక్కు కనబడేలా పక్కకు తిరిగి నిలబడ్డారు.

ఆమె మురిపెంగా నవ్వుతూ రాజుగారి బొమ్మను కిందికి తిప్పేసి, నోరంతా తెరిచి ఆవలిస్తున్న నీటిగుర్రాన్ని అందరికీ చూపించింది.