ధర్మవరంలో నాలుగో పాయింటు

"ధర్మవరంలో ఈ నాలుగో పాయింటు కూడా తీసేస్తాండా సార్," అంది యశోద, బల్ల మీద పరిచిన నక్షా మీద పెన్సిలు ఆనించి.

నల్లప్ప కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు. హిందూపురంలో పట్టుదారం దుకాణం, పెనుకొండలో గోడౌను, ధర్మవరంలో చీరల కొట్టు, మూడూ ఆయనవే. మూడింటినీ ఒకే నెట్‌వర్కుతో కలిపే పని యశోద కంపెనీకి ఇచ్చాడు. నక్షా గీయడం మొదలుకొని చివరి తీగ బిగించేదాకా పూచీ యశోదదే.

"ఒక్కటి ఉండనీమ్మా. ఏం పోతుంది?"

"సర్వరు ఈడ హిందూపురంలోనే పెడతాండాం సార్. స్టాకు రాసే పనంతా ఈడికే వచ్చేస్తుంది. ఆడ బిల్లు కౌంటరుంటే చాలు. ఒక్క మనిషి కోసం ఆడొక నెట్‌వర్కు స్విచ్చు, దానికొక బ్యాటరీ, అది చెడిపోతే హిందూపురం నుంచి పరుగు. ఎందుకు సార్?"

నల్లప్ప గడ్డం గోక్కున్నాడు. "అది కాదమ్మా. ఆడ స్టాకు రాసే నలుగుర్లో ఒకాయన మొన్న నేను పోతే కాళ్ళమీద పడినంత పని చేసినాడు. పెండ్లానికి ఒంట్లో బాగలేదంట. మూడేండ్ల పాప. నన్ను ఆన్నుంచి కదిలించొద్దు సామీ అని ఏడ్చినాడు."

ఎవరని యశోద అడగలేదు. నక్షాలో పేర్లుండవు, ఒక్కో పాయింటుకు ఒక సీటు నంబరే ఉంటుంది. పేరు తెలిస్తే కొట్టేయడం కష్టమని ఆమెకు తెలుసు.

"జాలిపడి పాయింట్లు పెడితే అది నెట్‌వర్కు కాదు సార్, సత్రం. పెండ్లాన్నీ బిడ్డనూ ఈడికే తెచ్చుకోమనండి. ఎడబాటు ఆయనొక్కడికేనా లోకంలో?"

"నీది గుండె కాదు తల్లీ, పెనుకొండ కోట రాయి," అని నవ్వి నల్లప్ప సంతకం పెట్టాడు.

రాయి కాదు. ఆ నలుగుర్లో ఒకడు ఆమె భర్త జయప్రకాష్. ఐదేళ్ళ క్రితం ఉద్యోగం దొరికిందని ధర్మవరం పోయి, ఆ కొట్టులోనే చేరాడు. కొట్టు మూసేసరికి హిందూపురం రైలు వెళ్ళిపోతుందని అక్కడే గది తీసుకున్నాడు. మొదట్లో ప్రతి ఆదివారం వచ్చేవాడు. తర్వాత నెలకు రెండు ఆదివారాలయ్యాయి. సోమవారం తెల్లవారి స్టేషనులో యశోద రైలు కనిపించినంతసేపూ నిలబడేది. ఆయన మాత్రం కిటికీలోంచి వెనక్కి చూసేవాడు కాదు. చూస్తే దిగిపోవాలనిపిస్తుందని చెప్పాడు ఒకసారి. ఆ మాట ఆమె ఐదేళ్ళూ కొంగున ముడేసుకుని తిరిగింది.

ఈ కాంట్రాక్టు వచ్చిన రోజే జయప్రకాష్ గట్టిగా చెప్పాడు. "మనం మొగుడూపెండ్లాలమని నల్లప్పకు తెలిస్తే పని నీ చేతికియ్యడు. నువ్వు ధర్మవరం పక్కకే రావద్దు." అందుకే అక్కడ కొలతలు తీయడానికి యశోద వేరేవాళ్ళను పంపింది.

ఆ సాయంత్రం జయప్రకాష్‌కు ఫోన్ చేసింది.

"నాలుగూ లేపేసినా! పనైపోతూనే నువ్వు ఈడే."

"నాలుగూనా?" అన్నాడు జయప్రకాష్.

"ఏమబ్బా, నమ్మలేకపోతాండావా?"

"తిప్పన్న అని మాతో పనిచేస్తాడు యశా. పాప చిన్నది. ఆయన కోసమన్నా ఒక్క సీటు పెట్టుంటే నీ సొమ్మేం పోయేది?"

"ఓహో, నల్లప్ప చెప్పింది ఆయన గురించేనా? ఆ ఒక్క సీట్లో మళ్ళా నిన్నే కూర్చోబెడితే? నీ జాలి కాకులెత్తుకుపోను!"

"ఇంకా టైముంది గదా. ఇంకోసారి ఆలోచించు."

"సంతకమైపోయింది," అంది యశోద. తన మొగుడిది ఎంత మెత్తని మనసో అనుకుంది.

యాభై రోజుల పనిని ముప్పై ఎనిమిది రోజుల్లో చివరికి తెచ్చింది. గోడకు అంటించిన పని పట్టీలో ఒక్కో వరుసా కొట్టేస్తూ వచ్చింది. పెనుకొండ గోడౌనులో ఎలుకలు తీగ కొరికితే ఇనప గొట్టాల్లోంచి మళ్ళీ లాగించింది. పెనుకొండ కంప్యూటరు నుంచి పిలిస్తే హిందూపురం సర్వరు పలికింది, ధర్మవరం నుంచి పిలిచినా పలికింది. పట్టీలో చివరి వరుస ఒక్కటే మిగిలింది: ధర్మవరం సీట్ల తరలింపు. ఆ తరలింపు రోజు పొద్దున ఇంట్లో రెండో దిండుకు కొత్త గలీబు తొడిగి మరీ నల్లప్ప దుకాణానికి వచ్చింది.

నాలుగు కొత్త బల్లలు, నాలుగు కుర్చీలు. ప్రతి కంప్యూటరూ తానే తుడిచింది. జయప్రకాష్‌కు ఫోన్ చేస్తే కలవలేదు. రైల్లో ఉంటాడనుకుంది.

మొదట మెట్లెక్కి వచ్చినవాడు తల నెరిసిన మనిషి. "నమస్తే మేడమ్, ధర్మవరం కొట్టు నుంచి. నా పేరు తిప్పన్న."

జయప్రకాష్ చెప్పిన పాప నాయన ఈయనేనని యశోద గుర్తుపట్టింది. ఆయన భుజం మీదుగా మెట్లవైపు చూస్తూనే కుర్చీ జరిపింది.

"కూర్చో అన్నా. నీ పాయింటు తీసేసింది నేనే. నాకు ఉసురు పెట్టొద్దు. పాప ఎట్లుండాది?"

"ఏ పాప మేడమ్?"

"నీ మూడేండ్ల పాప."

తిప్పన్న పగలబడి నవ్వాడు. "నా మనవడే ఇంటర్ చదువుతాండాడు మేడమ్! మీరు చెప్పే పాప నాయన వేరే. పెండ్లాన్నీ బిడ్డనూ ఈడికే తెచ్చుకోమని మీరు అన్నారంట గదా, నల్లప్ప సారు చెప్పినాడు. ఆ మాట వినీవినకముందే నెత్తి కొట్టుకున్నాడు పాపం. హిందూపురానికి మాత్రం రాలేనని నిన్న పనే మానేసినాడు."

"ఎవరు?"

"మా జయప్రకాష్, మేడమ్."