సొన వాసన నీళ్లు

నూజివీడు తాలూకాలో మానవవాదాన్ని మాటల్లోంచి చేతల్లోకి దించిన మొదటి మనిషిని నేనే. కావాలంటే ముసునూరులో ఎవరినైనా అడగండి. నవ్వుతారు. అది వాళ్ల అజ్ఞానం.

ఎనభై మూడు, మే నెల. మా బావ బసవపున్నారావు మామిడితోటలో, కాయలు బుట్టలకెత్తే షెడ్డులో సభ. విజయవాడ నుంచి కోటేశ్వరరావుగారనే లెక్చరర్ వచ్చి మానవవాదం గురించి చెబుతున్నారు. అన్నిటికీ మనిషే కొలత అన్నారు. పుట్టుక కాదు, మనిషితనం ముఖ్యమన్నారు. ఇదంతా ఐదారొందల ఏళ్ల కిందట ఇటలీలో ఊపందుకుందన్నారు. అక్కణ్నించి ముసునూరు రావడానికి ఇన్నేళ్లు పట్టిందంటే మన బస్సుల సంగతి మీకు తెలిసిందే.

బావ కూలీలను కూడా పిలిచి, మాతో పాటు ఒకే జంపఖానా మీద కూర్చోబెట్టాడు. వాళ్లలో ఇన్నమ్మ ఒకతి. పొద్దున్నుంచీ తొడిమలు విరిచి సొన కార్చిందేమో, అరచేతులు నల్లగా జిగటగా ఉన్నాయి. ఆ వాసన నాదాకా వస్తోంది.

షెడ్డు మూలన నీళ్లకుండ. దాని పెత్తనం నాది. మాకు గ్లాసు, కూలీలకు దోసిట్లో పొయ్యడం మా తోట ఆనవాయితీ.

గంటన్నర గడిచాక ఇన్నమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఒక మాటండీ."

"అడగమ్మా, అడుగు!" లెక్చరర్‌గారు పొంగిపోయారు.

"ఆ కొలతలో మేమూ ఉన్నామాండీ?"

"నువ్వు లేకపోతే కొలతే లేదమ్మా!"

"అయితే ఆ గ్లాసుతో తాగొచ్చాండీ? నాలుక పిడచగట్టుకుపోయింది."

అంత ఎండలోనూ షెడ్డు చల్లబడింది. లెక్చరర్‌గారు బావ వైపు చూశారు. బావ నావైపు చూశాడు. కూలీల మేస్త్రీ సాంబయ్య ఇన్నమ్మ కొంగు పట్టి లాగాడు.

"కూర్చోవే! రేపట్నించి పనిలోకి రావా ఏంటి?"

"దాహమేస్తోంది సాంబన్నా," అంది ఇన్నమ్మ. కూర్చోలేదు.

ఇక మిగిలింది నేనేగా! లేచాను. గ్లాసు కుండలో ముంచి, నిండా తీసి, ఇన్నమ్మ చేతికిచ్చాను.

నడుం వంచి, తలెత్తకుండా గటగటా తాగింది. తొందరలో నీళ్లు మోచేతుల దాకా కారి రవిక తడిసింది. ఇంకోసారి కావాలంది. ఇంకోసారీ అయింది.

"ఎలా ఉన్నాయమ్మా నీళ్లు?" అడిగారు లెక్చరర్‌గారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

"సొన వాసనొస్తున్నాయండీ."

అందరం నవ్వాం. "మామిడితోట నీళ్లు మరి, పన్నీరు వాసనొస్తాయా?" అన్నాడు బావ.

"ఇదేనండీ మానవవాదమంటే!" అని లెక్చరర్‌గారు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం. ఇన్నమ్మ మాత్రం తడి చేతులు చీరకు తుడుచుకుంటూ బుట్టల దగ్గరికి వెళ్లిపోయింది.

నేను చెప్పే కథలో పాలెన్నో నీళ్లెన్నో తేల్చడం కష్టమంటుంది మా ఆవిడ సీతారావమ్మ. ఈసారి ఆ శ్రమ లేకుండా నేనే చెప్పేస్తాను. సభ నిజం. ఇన్నమ్మ అడగడం నిజం. సొన వాసన నిజం. చప్పట్లయితే మరీ నిజం.

గ్లాసు ఆమె చేతికిచ్చానన్నదొక్కటే కల్పించాను.