పధ్నాలుగొందల సముద్రం

“కార్డు ముందే తియ్యకూడదు. ముందు మెంబర్ రేటు అడగాల. ఆళ్ళ నోటితో ఆళ్ళు రేటు సెప్పాక, అప్పుడు తియ్యాల. అర్థమవుతందా?”

బండి వెనక కూర్చున్న ధనశ్రీ మొగుడు ఉమామహేష్ వీపుకు ఆనించిన తలనే ఊపింది. జాలరిపేట దాటుతున్నారు. ఎండుచేపల వాసన కూడా ఆమెకు ఆ సాయంత్రం బాగానే ఉంది.

“ఎనిమిది వేల గది. మెంబర్‌కి ఇరవై శాతం తగ్గిత్తారు. ఎంత?”

“ఆరువేల నాలుగొందలు.”

“కార్డు వోచరు ఐదువేలు పోతే?”

“పధ్నాలుగొందలు!” పరీక్ష పాసైనట్టు అరిచింది ధనశ్రీ.

“పొద్దున్న టిఫిను ఫ్రీ. మళ్ళీ మధ్యాన్నం కొనక్కర్లేకుండా తినాల.”

ఆమె పకపకా నవ్వింది. పెళ్ళయ్యాక పదహారు రోజుల పండగ నిన్ననే అయింది. మొగుడితో కలిసి ఊళ్ళోకి రావడం ఇదే మొదలు.

ఆ వోచరు ఎలా వచ్చిందో తలుచుకుంటే ఆమెకు ఇంకా ముచ్చట. పెళ్ళి బట్టలకీ నగలకీ నాన్న త్రినాథరావు ఎలమంచిలి నుంచి నోట్ల కట్టలు తెస్తే, ఉమామహేష్ వాటిని తన సంచిలో వేసుకుని బిల్లంతా తన కార్డు మీద గీకించాడు. నాన్న ముఖం అదోలా పెట్టాడు. “పాయింట్లు ఊరికే పోతాయి కదా మావయ్యా,” అన్నాడు ఉమామహేష్. పోర్టులో కంటెయినర్ల లెక్కలు చూసే మనిషికి ఆ మాత్రం తెలివి ఉండదూ అనుకుంది ధనశ్రీ.

దారిలో మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు.

“ఒకటి కొంటారేటండీ?”

“గదిలో బిస్కట్లు పెడతారు. రెండు పేకట్లు.”

సరే, బిస్కట్లూ బాగానే ఉంటాయి.

“మూడో అంతస్తులో ఎడంపక్క గది అడగాల,” అన్నాడు మళ్ళీ. “కుడిపక్కయితే రాత్రంతా జనరేటరు మోత.”

“ఇవన్నీ మీకెలా తెలుసండీ?”

“రివ్యూలు సదివాను. నీలాగ ఫోన్లో రీల్సు సూత్తానేటి?”

ఆమె మూతి ముడిచి, ఆ వెంటనే అది మర్చిపోయింది.

“మరి, కొత్త దంపతులకి ఇంకో వెయ్యి తగ్గిస్తారట. కేకు కూడా ఇస్తారట. శుభలేఖ చూపిస్తే చాలట, హోటలు సైట్లో ఉంది.”

బండి కొంచెం నెమ్మదించింది.

“వద్దు.”

“వెయ్యి రూపాయలండీ!”

“వద్దన్నానా? నలుగురి ముందూ కేకు కోయిత్తారు. నాకు సిగ్గు.”

అర్ధరూపాయి వదలని మనిషికి ఇంత సిగ్గా! ధనశ్రీకి అతని మీద ఎక్కడలేని జాలీ ప్రేమా కలిగాయి. ఆ వెనకే ఒక ఆలోచన కూడా వచ్చింది.

ఈ పదహారు రోజుల్లో అతని నోట మెచ్చుకోలు మాట ఒక్కటి రాలేదు. కూరలో నూనె ఎక్కువ, బట్టలకు సబ్బు ఎక్కువ. మిక్సీ తిప్పితే కరెంటు ఎక్కువ. “డిగ్రీ సదివావ్, లెక్క మాత్రం రాదు,” అన్నది రోజూ ఉన్నదే. ఇవాళ ఒక్కసారి, ఒక్కసారైనా అతనితో శభాష్ అనిపించుకోవాలి. పధ్నాలుగొందల గదిని నాలుగొందలకు తెచ్చి అతని చేతిలో పెడితే అనకేం చేస్తాడు?

రుషికొండ హోటలు గేటు దగ్గర ఆమెను దింపాడు.

“లోపల బండికి వంద రూపాయలు తీసుకుంటారు. కిందన బీచి దగ్గర పెట్టి వత్తాను. నువ్వెళ్ళి సోఫాలో కూకో. ఎవరితోనూ ఏటీ మాటాడకు. నాను వచ్చాక మాటాడతాను.”

“అలాగేనండీ.”

అతను మలుపు తిరిగేదాకా ఆగి, సరాసరి కౌంటరు దగ్గరికి నడిచింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి కోటు మీద నిఖిత అని పేరుంది. ఆమె వెనక అద్దంలోంచి సముద్రం నీలంగా, ఎవరి సొత్తూ కానట్టు మెరుస్తోంది.

“కొత్త దంపతుల ఆఫర్ కావాలండీ,” అంది ధనశ్రీ. “మెంబర్‌షిప్ మా ఆయన పేరు మీద ఉంది.”

‘మా ఆయన’ అని కొత్త మనిషితో అనడం అదే మొదటిసారి. ఆ మాటకే చెవులు వేడెక్కాయి.

“కంగ్రాట్స్ మేడమ్! సార్ ఫోన్ నంబరు?”

చెప్పింది. హ్యాండుబ్యాగులోంచి శుభలేఖ తీసి, పసుపు అంటిన అంచుని తుడిచి కౌంటరు మీద పెట్టింది. నిఖిత నంబరు కొట్టింది.

“ఉమామహేష్ గారు కదా? మా గోల్డ్ మెంబర్.”

“గోల్డా?” పొంగిపోయింది ధనశ్రీ. “ఆయనకి అన్నీ అలా కలిసొస్తాయిలెండి.”

నిఖిత తెర కేసి చూసింది. ఇంకోసారి చూసింది. నవ్వుతూనే శుభలేఖ విప్పకుండా వెనక్కి జరిపింది.

“ఇది అక్కర్లేదు మేడమ్.”

“అంటే తగ్గించేసినట్టేనా? నాలుగొందలేనా ఇంక?”

“సారీ మేడమ్, తగ్గించడానికి లేదు. ఈ ఆఫర్ ఒక మెంబర్‌కి ఒక్కసారే.”

“అదేంటండీ, మేం ఇప్పుడే కదా అడుగుతున్నది!”

అద్దం తలుపు తెరుచుకుంది. హెల్మెట్ చేత్తో పట్టుకుని లోపలికొచ్చిన ఉమామహేష్, కౌంటరు దగ్గర భార్యను చూసి అక్కడే ఆగిపోయాడు. తర్వాత దాదాపు పరుగెత్తుతూ వచ్చాడు. ధనశ్రీ అతని కేసి తిరిగి, ఓడిపోయిన పిల్లలా నవ్వబోయింది.

నిఖిత ఎంతో మర్యాదగా చెప్పింది.

“మీ శుభలేఖ సార్ పోయిన ఏడాదే ఇచ్చారు మేడమ్.”